బ్రెజిల్ మిరపకాయ ఎలీస్ రెజీనా

బ్రెజిల్ అనగానే మనవాళ్ళకు పీలే గుర్తుకొస్తాడు, లేకపోతే కాఫీ గుర్తుకొస్తుంది. ఆ దేశానికి ఒక గొంతు కూడా ఉందని నాకు ఈ మధ్యదాకా తెలియదు. పరీక్షలు అయిపోయిన రాత్రి, హాస్టల్లో మా గది మిత్రుడి లాప్‌టాప్‌లో, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ ఒక సినిమా చూశాను. పేరు ఎలీస్. 2016లో హ్యూగో ప్రాతా అనే దర్శకుడు తీసింది. రికార్డింగ్ డాన్సో, ప్రేమకథో అనుకుని కూర్చున్నవాళ్ళం, అయిపోయాక చాలాసేపు లైటు వెయ్యలేదు. ఆ సినిమా కథానాయిక నిజంగా బతికిన మనిషి. ఆమె జీవితం గురించి తర్వాత తెలుసుకున్నది మన సావనీర్ పాఠకులతో పంచుకోవాలనిపించింది.

ఎలీస్ రెజీనా 1945 మార్చి 17న దక్షిణ బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరంలో ఓ మామూలు కుటుంబంలో పుట్టింది. ఏడేళ్ళప్పుడు తల్లి ఆమెను రేడియోలో పిల్లల కార్యక్రమానికి తీసుకెళ్ళింది. మైకు ముందు నిలబెడితే భయంతో నోరు పెగల్లేదు. ఏడుపు మొహంతో ఇంటికి తిరిగొచ్చింది. మళ్ళీ పదకొండో ఏట అదే కార్యక్రమానికి వెళ్ళి పాడింది. ఆ తర్వాత ఆ గొంతు ఆగలేదు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి రేడియోలో జీతానికి పాడుతోంది. పదహారో ఏట, 1961లో, మొదటి రికార్డు వచ్చింది. మనం ఇంటర్మీడియెట్ పుస్తకాలు మోసే వయసులో ఆ పిల్ల ఇంటి బరువు మోసింది.

1964లో తండ్రితో కలిసి రియో ది జనీరో చేరింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సైన్యం తిరగబడి ప్రభుత్వాన్ని కూలదోసింది. ఆ సైనిక పాలన 1985 దాకా సాగింది. అంటే ఎలీస్ పేరు వచ్చినప్పటి నుంచి ఆమె చనిపోయే దాకా దేశం బూటుకాళ్ళ కిందే ఉంది. సినిమా కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

రియోలో ఒక ఇరుకు సందులోని చిన్న చిన్న క్లబ్బుల్లో ఆమె పాడేది. లెనీ డేల్ అనే అమెరికన్ నర్తకుడు వేదిక మీద ఎలా కదలాలో నేర్పాడు. పాడేటప్పుడు రెండు చేతులూ గాలిమర రెక్కల్లా తిప్పేది. 1965లో టెలివిజన్ వారి పాటల పోటీలో ఎదు లోబో, వినీసియస్ ది మొరాయిస్ కట్టిన పాట పాడి మొదటి బహుమతి కొట్టింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు, ఇప్పుడు నా వయసు. అదే ఏడాది జాయిర్ రోడ్రిగ్స్ అనే గాయకుడితో కలిసి టెలివిజన్‌లో వారం వారం కార్యక్రమం మొదలుపెడితే దేశమంతా పెట్టె ముందు కూర్చుంది. మనిషి చూస్తే పొట్టి, కోపం చూస్తే ముక్కు మీదే. అందుకే వినీసియస్ ఆమెకు చిట్టి మిరపకాయ అని పేరు పెట్టాడు. పిట్ట కొంచెం కూత ఘనం అని మనం అనుకునేది ఇలాంటి వాళ్ళను చూసే.

ఆమె తప్పులు చెయ్యలేదని కాదు. 1967లో ఎలక్ట్రిక్ గిటారు మన సంగీతాన్ని పాడుచేస్తోందని వీధిలో ఊరేగింపు తీసిన వాళ్ళలో ఆమె ముందుంది. కొన్నేళ్ళకు అదే గిటారు తన వాద్యబృందంలోనే మోగింది. అదే ఏడాది రొనాల్డో బోస్కోలి అనే రచయితను పెళ్ళి చేసుకుంది. వాళ్ళిద్దరి కాపురం ఉప్పూ నిప్పూలాగా సాగింది. 1970లో కొడుకు పుట్టాడు, 1972లో విడిపోయారు. తర్వాత పియానో వాయించే సీజర్ కమార్గో మరియానోతో జీవితం పంచుకుంది. వాళ్ళకు ఒక కొడుకు, ఒక కూతురు. 1974లో లాస్ ఏంజెలెస్ వెళ్ళి టామ్ జొబిమ్‌తో కలిసి చేసిన రికార్డు ఈనాటికీ బ్రెజిల్ సంగీతంలో మేటి అని పేరుపడింది.

ఇక నా మనసులో ముల్లులా దిగిన విషయం చెబుతాను. 1968 డిసెంబరు తర్వాత సైనిక పాలన ఇంకా కఠినమైంది. కేటానో వెలోసో, జిల్బెర్టో జిల్ వంటి పాటగాళ్ళను జైల్లో పెట్టి, ఆ తర్వాత దేశం దాటించారు. 1969లో ఎలీస్ యూరప్ వెళ్ళినప్పుడు ఒక పత్రికతో మాట్లాడుతూ మా దేశాన్ని గొరిల్లాలు ఏలుతున్నాయని అనేసింది. ఆ మాట తిరిగి తిరిగి సైన్యం చెవిన పడింది. ఆమెను పిలిపించి ప్రశ్నించారు. 1972లో సైన్యం వారి క్రీడోత్సవంలో ఆమె జాతీయగీతం పాడింది. ఇంట్లో రెండేళ్ళ పసివాడు.

అభిమానులు మండిపడ్డారు. హెన్ఫిల్ అనే వ్యంగ్య చిత్రకారుడు తన పత్రికలో బతికున్న శవాల శ్మశానం అని ఒకటి గీసేవాడు. సైన్యానికి లొంగిపోయారనుకున్న వాళ్ళను అందులో పూడ్చేవాడు. ఎలీస్‌ను కూడా పూడ్చేశాడు. ఆ దెబ్బ ఆమె ఏళ్ళ తరబడి మోసింది.

ఇది చదువుతుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా పొలాలు కాలువ శివారువి. ఓ ఏడాది నీళ్ళు రాకపోతే అందరికంటే ముందు నిలబడి గొడవ చేసినాయన నాకు పెదనాన్న వరస. తర్వాత ఏమైందో ఏమో, గొడవేమీ లేదని కాగితం మీద సంతకం పెట్టి వచ్చాడు. ఊరు ఆయన్ను వెలేసినంత పని చేసింది. మా నాన్న కూడా ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆయన కూతురి పెళ్ళి నెలరోజుల్లో ఉందని, అప్పు ఇచ్చినవాళ్ళే సంతకం పెట్టించారని మాకు తెలిసేసరికి రెండేళ్ళు గడిచాయి. నాన్న వెళ్ళి పలకరించాడు గాని, పాత చనువు రాలేదు.

ఎలీస్ కథలో మాత్రం అది వచ్చింది. 1976లో రీటా లీ అనే రాక్ గాయని గర్భంతో ఉండగా గంజాయి కేసులో అరెస్టయింది. చాలామంది అటువైపు పోవడానికే జంకారు. ఎలీస్ తన కొడుకును చెయ్యి పట్టుకుని జైలుకు వెళ్ళి, ఆమెకు డాక్టరును చూపించాలని పట్టుబట్టింది. ఆ తర్వాత, చార్లీ చాప్లిన్ 1977 క్రిస్మస్ రోజున చనిపోతే ఆ దిగులుతో జొవావ్ బోస్కో ఒక బాణీ కట్టాడు, అల్డిర్ బ్లాంక్ మాటలు రాశాడు. తాగుబోతు, తాడు మీద నడిచే పిల్ల అన్నది ఆ పాట పేరుకు అర్థం. దేశం విడిచిపోయిన వాళ్ళ కోసం ఎదురుచూసే పాట అది. అందులో హెన్ఫిల్ అన్నగారి తిరిగిరాక ప్రస్తావన ఉంది. తనను పూడ్చినవాడి అన్న కోసం ఆ పాటను 1979లో ఎలీస్ పాడింది. క్షమాభిక్ష కోరే జనానికి అదే గీతమైంది. ఆగస్టులో క్షమాభిక్ష చట్టం వచ్చింది, సెప్టెంబరులో ఆ అన్న ఇల్లు చేరాడు. హెన్ఫిల్, ఎలీస్ అప్పటికే కలిసిపోయారు. తాను చేసింది తప్పని అతను ఒప్పుకున్నాడు.

1982 జనవరి 19న సావో పావ్లోలో ఎలీస్ చనిపోయింది. మద్యం, కొకైన్ కలిసి ప్రాణం తీశాయని వైద్యులు తేల్చారు. రసాయనశాస్త్రం చదివేవాడిగా ఒకటే చెప్తాను, ఒంట్లో ఆ రెండూ కలిస్తే వాటికంటే విషమైన మూడోది తయారవుతుంది. కళాకారుల జీవితం అలాగే ఉంటుందిలే అని ఎవరూ సమర్థించనక్కర్లేదు. ముగ్గురు పిల్లల్లో చిన్నది మరియా రీటాకు అప్పుడు నాలుగేళ్ళు. ఆ పాప కూడా పెద్దయి గొప్ప గాయని అయింది. ఎలీస్ భౌతికకాయాన్ని ఆమె ఎన్నో నెలలు వరుసగా ప్రదర్శన ఇచ్చిన థియేటరులోనే ఉంచితే జనం వేలల్లో వచ్చారు.

సినిమాలో ఎలీస్‌గా వేసిన ఆండ్రెయా హోర్టాకు గ్రమాడో చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. పాటల్లో వినిపించేది మాత్రం ఎలీస్ అసలు గొంతే. మనిషి పోయి ముప్పై నాలుగేళ్ళయినా ఆ గొంతుకు ఇంకొకళ్ళు దొరకలేదన్నమాట.

మన కాలేజీలోనూ ఎన్నికలప్పుడు, సమ్మెలప్పుడు ఫలానావాడు అమ్ముడుపోయాడని చిటికెలో అనేస్తాం. ఈసారి ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడు ఆ ఇంట్లో పసివాడు ఎవరైనా ఉన్నాడేమో అడిగి చూద్దాం. సెలవులకు వెళ్ళినప్పుడు నేను పెదనాన్న ఇంటికి వెళ్దామనుకుంటున్నాను.