బంగారు గడప

హైదరాబాదు నగరమున అబిడ్సు నుండి నాంపల్లి రైల్వే స్టేషనునకు పోవు మార్గమునందు ఒక పాత భవనము కలదు. దాని పేరు గోల్డెన్ త్రెషోల్డ్. తెలుగున చెప్పవలెనన్న ‘బంగారు గడప’. పూర్వము మన దేశమున అనేక కుటుంబములలో ఆడుపిల్లకు ఇంటి గడపయే ఎల్లగా నుండెడిది. ఆ గడప దాటి చదువవలెనన్నను, సభలో మాటలాడవలెనన్నను లోకము వేలెత్తి చూపెడిది. అట్టి దినములలో దేశమంతటను తిరిగి, పురుషులతోపాటు స్త్రీలకును ఓటుహక్కు కావలెనని ఎలుగెత్తి చాటిన సరోజినీ నాయుడు ఈ యింటి బిడ్డయే.

సరోజిని 1879 వ సంవత్సరము ఫిబ్రవరి 13 వ తేదీన హైదరాబాదులో జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయుడు వంగదేశీయుడు. ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొంది, నిజాము ప్రభువు కోరికపై హైదరాబాదునకు వచ్చి, నిజాం కళాశాల స్థాపనకు మూలపురుషుడయ్యెను. తల్లి వరదసుందరీ దేవి వంగభాషలో గేయములు వ్రాసెడిది. కుమార్తెను గణితశాస్త్రమునందో విజ్ఞానశాస్త్రమునందో నిపుణురాలిని చేయవలెనని తండ్రి తలంచెను. కాని బాలిక మనస్సు కవిత్వముపై నుండెను. పదునొకండవ యేట ఒకనాడు బీజగణితపు లెక్క యెంతకును తేలక విసుగుతో కూర్చుండగా, ఆమెకు అకస్మాత్తుగా ఒక పద్యము స్ఫురించెనట. లెక్క ఆగిపోయెను, కవిత్వము మొదలయ్యెను. అట్లని చదువున ఆమె వెనుకబడలేదు. పండ్రెండవ యేటనే మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను.

ఆ కాలముననే డాక్టరు గోవిందరాజులు నాయుడుగారితో ఆమెకు పరిచయము కలిగెను. ఆయన తెలుగువాడు, బ్రాహ్మణేతరుడు. ఆమె వంగ బ్రాహ్మణ కన్య. వారిరువురును వివాహమాడదలంపగా పెద్దలు తొలుత సమ్మతింపలేదు. 1895 లో సరోజిని నిజాము ప్రభువు ఇచ్చిన విద్యార్థి వేతనముతో ఇంగ్లండునకు పోయి, లండనులోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను చదివెను. అచ్చట ఎడ్మండ్ గాస్ అను విమర్శకుడు ఆమె పద్యములను చూచి, ఆంగ్లదేశపు పక్షులను పువ్వులను వర్ణించుట మాని, స్వదేశమును గూర్చి వ్రాయుమని హితవు చెప్పెను. ఆమె ఆ మాటను పాటించెను.

1898 లో స్వదేశమునకు మరలివచ్చినను సరోజిని మనస్సు మారలేదు. ఆ సంవత్సరము డిసెంబరులో మద్రాసునందు గోవిందరాజులుగారితో ఆమె వివాహము జరిగెను. వితంతు వివాహములు జరిపించి ఆంధ్రదేశమున ఖ్యాతి గాంచిన కందుకూరి వీరేశలింగం పంతులుగారే ఆ పెండ్లికి పెద్దయై నడిపించిరి. కులాంతర వివాహమును మాటవరుసకైనను తలపని రోజులవి. స్త్రీ తన జీవితమును గూర్చి తాను నిర్ణయించుకొనవచ్చునని సరోజిని ముందుగా తన యింటిలోనే నిరూపించినది. లోకమునకు చెప్పుట ఆ తరువాతి మాట.

దంపతులు హైదరాబాదులో కాపురముండిరి. వారికి నలుగురు బిడ్డలు కలిగిరి. 1905 లో సరోజిని తొలి కవితాసంపుటి లండనులో వెలువడెను. ఆ గ్రంథము పేరే అబిడ్సులోని ఇంటికి నిలిచిపోయినది. అయినను ఆమె కవితాగోష్ఠులతో తృప్తి పడలేదు. 1906 లో కలకత్తాలో జరిగిన సంఘసంస్కార మహాసభలో స్త్రీవిద్యను గూర్చి ఉపన్యసించుచు, విద్య స్త్రీలకు పురుషులు పెట్టు భిక్ష కాదనియు, అది వారి జన్మహక్కనియు, దానిని హరించినవారే తిరిగి యీయవలెననియు స్పష్టముగా పలికెను. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసినప్పుడు, దిక్కులేనివారికి ఆమె చేసిన సేవకు మెచ్చి ఆంగ్ల ప్రభుత్వము కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చెను. జలియన్‌వాలాబాగు దారుణము తరువాత ఆమె ఆ పతకమును ప్రభుత్వమునకు తిరిగి యిచ్చివేసెను.

సరోజిని జీవితమున స్త్రీల కొరకు చేసిన పోరాటములలో ముఖ్యమైనది ఓటుహక్కు పోరాటము. 1917 డిసెంబరులో భారతమంత్రి మాంటేగు మద్రాసునకు వచ్చినప్పుడు, వివిధ ప్రాంతముల స్త్రీలు ప్రతినిధివర్గముగా ఆయనను దర్శించిరి. ఆ వర్గమునకు సరోజిని నాయకురాలు. రానున్న సంస్కరణలలో ఓటరు అను పదము స్త్రీలకును వర్తింపవలెనని వారు కోరిరి. 1918 లో బొంబాయి కాంగ్రెసు మహాసభయు ఈ కోరికను ఆమోదించెను. కాని ఓటుహక్కును విచారించుటకు ప్రభుత్వము నియమించిన సౌత్‌బరో సంఘము, ఘోషాపద్ధతి గల ఈ దేశమున స్త్రీలకు ఓటు ఇచ్చుటకు ఇంకను కాలము రాలేదని తేల్చెను.

సరోజిని నిరుత్సాహపడలేదు. 1919 లో లండనునకు పోయి, పార్లమెంటు సంయుక్త సంఘము ముందర సాక్ష్యమిచ్చెను. ఘోషా పేరు చెప్పి ఓటును నిరాకరించిన ఆ సంఘమునకు, ఘోషా పాటించు కుటుంబములు అనేకము గల హైదరాబాదులో పుట్టి పెరిగిన స్త్రీయే సమాధానము చెప్పినది. పార్లమెంటు ఆ విషయమును రాష్ట్ర శాసనసభల నిర్ణయమునకు వదలివేసెను. 1921 లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటుహక్కు నిచ్చెను. ఆస్తి అర్హత గల కొద్దిమందికే అది దక్కినను, మూసియున్న తలుపు తెరువబడెను. అయితే ఆ సంస్కరణలు సంస్థానములకు వర్తింపవు. అందుచే ఇతరుల కొరకు వాదించిన సరోజిని సొంత నగరమున స్త్రీలకు ఆ హక్కు అప్పుడు లభింపలేదు.

1925 లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు ఆమె అధ్యక్షురాలయ్యెను. భారత స్త్రీకి ఆ గౌరవము దక్కుట అదే ప్రథమము. 1930 లో గాంధీమహాత్ముడు ఉప్పు సత్యాగ్రహమునకై దండికి నడచినప్పుడు వెంట నడచిన దళములో స్త్రీలు లేరు. కాని గాంధీజీయు, ఆయన తరువాత అబ్బాస్ త్యాబ్జీయు నిర్బంధింపబడగా, ధారాసనా ఉప్పు కొఠారుల వద్ద సత్యాగ్రహమును నడపు భారము సరోజినిపై పడెను. మే 21 వ తేదీన రెండువేలకు పైగా సత్యాగ్రహులు ఆమె నాయకత్వమున ముందునకు సాగిరి. లాఠీదెబ్బలు తలలపై పడుచున్నను వారు చేయెత్తలేదు. ఆనాడే ఆమెను ప్రభుత్వము నిర్బంధించెను. స్త్రీలు రణరంగమునకు పనికిరారని తలచినవారికి ఇంతకంటె వేరు సమాధానమేమి కావలెను?

1931 లో లండను రౌండుటేబులు సమావేశమునకు సరోజిని పోయెను. శాసనసభలలో స్త్రీలకు ప్రత్యేక స్థానములు కేటాయింపవలెనని కొందరు తలచుచుండిరి. ఆమె వానిని కోరలేదు. వయస్సు వచ్చిన ప్రతివారికిని, స్త్రీపురుష భేదము లేక, ఓటు కావలెననియే ఆమె పక్షము. ఈ విషయమున స్త్రీలలోనే భిన్నాభిప్రాయములు కలవు. తరువాతి కాలమునను ఆ చర్చ సాగినది. కాని ఆమె కోరినది దయ కాదు, సమానత్వము.

1947 ఆగస్టు 15 వ తేదీన స్వతంత్ర భారతమున ఉత్తరప్రదేశమునకు, అప్పటి సంయుక్త రాష్ట్రమునకు, సరోజిని గవర్నరయ్యెను. ఆ పదవి నధిష్ఠించిన తొలి భారత స్త్రీ ఆమెయే. పదవిలో నుండగనే 1949 మార్చి 2 వ తేదీన లక్నోలో ఆమె కన్నుమూసెను. మరుసటి సంవత్సరము అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, ఆమె కోరినట్లే, వయోజనులైన స్త్రీపురుషులందరికిని ఓటు నిచ్చెను. 1952 లో హైదరాబాదు స్త్రీలు వరుసలలో నిలిచి ఓటు వేసిరి. ఆ దృశ్యమును చూచు భాగ్యము మాత్రము ఆమెకు కలుగలేదు.

ఆమె మరణించిన 1949 లోనే, 1924 లో స్థాపింపబడిన నగరపు మహిళా కళాశాల కోఠిలోని రెసిడెన్సీ భవనమునకు మారెను. ఆంగ్ల రెసిడెంటులు అధికారము చలాయించిన ఆ మందిరమున ఆడుపిల్లలు పుస్తకములు పట్టుకొని మెట్లెక్కిరి. 2022 లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయముగా పెరిగినది. ఆ మెట్లెక్కిన వేలకొలది బాలికలలో ఎవరిని చూచినను, గడప ఆడుపిల్లకు ఎల్ల కాదని, అది ప్రయాణమునకు తొలి మెట్టని తెలియును.