మూగబొమ్మకు మాట నేర్పిన ఇరానీ

గ్రాంట్ రోడ్ స్టేషను నుండి చర్నీ రోడ్ వైపు రైలుపట్టాల వెంబడి సాగినచో కెనెడీ వంతెన వచ్చును. కామాఠిపుర చాళ్ళలో పెరుగుచున్న మన బాలబాలికలలో పెక్కుమంది ఆ వంతెన నెక్కి దిగినవారే. అయినను వెండితెరపై తెలుగు మాట మొట్టమొదట పుట్టినది ఆ వంతెన చెంతనే యని యెరిగినవారు పెద్దలలో సైతము అరుదు. ఆ మాటను పుట్టించినవారు తెలుగువారు కారు. వారి పేరు అర్దేషిర్ మర్వాన్ ఇరానీ. మన పేట పొరుగున వ్యాపారము సాగించి, మన భాషకు తెరపై చోటు కల్పించిన ఆ పెద్దమనిషి చరిత్రను మన పిల్లలకు చెప్పవలెనని తలచితిమి.

ఇరానీగారు 1886వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన పూనా నగరమున జన్మించిరి. వారిది పారసీక దేశము నుండి వలస వచ్చిన జొరాస్ట్రియన్ కుటుంబము. బొంబాయిలో వారికి సంగీత వాద్యములు, ఫోనోగ్రాఫులు అమ్ము వ్యాపారముండెను. మనుష్యుని గొంతును పట్టి మరల వినిపించు యంత్రము నాటికి వింత. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో గౌహర్‌జాన్ పాటను రికార్డు చేసిరి. కాని విద్వాంసులలో కొందరు ఆ యంత్రము దరికి రానొల్లరైరి. తమ ఘరానా విద్య తవ్వకు రెండణాల చొప్పున వీధిపాలగునని వారి భయము. యంత్రమును అమ్ము ఇంట పెరిగిన ఇరానీగారు ఇటువంటి భయములను పిన్ననాటనే చూచియుందురు.

అబ్దులల్లీ ఇసూఫల్లీ యను వ్యాపారి యొకరు గుడారములలో సినిమా చూపుచు దేశదేశములు తిరిగినవారు. ఇరానీగారు వారితో పొత్తు కలిసి, అలెగ్జాండ్రా సినిమాశాలను చేపట్టిరి. ఇది మన కామాఠిపురమును ఆనుకొనియున్న బెల్లాసిస్ రోడ్డున నుండినదే. పిదప గిర్గాములో మెజెస్టిక్ సినిమా వారి చేతికి వచ్చెను. చిత్రములను చూపుటతో తృప్తి చెందక, తీయుటకును పూనుకొని 1922లో వీర అభిమన్యు అను మూగచిత్రమును వెలువరించిరి. 1926లో ఇంపీరియల్ ఫిలిం కంపెనీని నెలకొల్పిరి. దాని స్టూడియోయే కెనెడీ వంతెన చెంత నుండెను.

1927 అక్టోబరులో అమెరికాలో ది జాజ్ సింగర్ వెలువడగా, సినిమా ప్రపంచము రెండుగా చీలెను. మూగచిత్రములకు ప్రక్కవాయిద్యము వాయించు వేలాది కళాకారుల జీవనము ఒక్కసారిగా ఊగిసలాడెను. అచటి సంగీతకారుల సంఘమువారు పత్రికలలో ప్రకటనలు వేయించి, యంత్రసంగీతము డబ్బాలో నింపిన సరకు వంటిదని ప్రజలను హెచ్చరించిరి. చార్లీ చాప్లిన్ వంటి మహానటుడు 1931లో కూడ మాటలు లేని సిటీ లైట్స్ చిత్రమునే విడుదల చేసెను.

మన దేశపు నిర్మాతల భయము మరియొక తీరుది. మూగబొమ్మకు భాష లేదు. పెషావరు మొదలు కన్యాకుమారి వరకు ఒకటే చిత్రము. నడుమ చూపు అక్షరముల పలకలను మార్చిన చాలును. బొమ్మ నోరు తెరచినచో ఏ భాష మాటలాడును? హిందూస్థానీ మాటలాడినచో మద్రాసువాడు కొనునా? తెలుగు మాటలాడినచో లాహోరువాడు చూచునా? ఒక్క పెద్ద అంగడి పది చిన్న అంగళ్ళుగా పగులునని వారు వెరచిరి. ఈ భయము తెలివితక్కువది కాదని మా యభిప్రాయము. లెక్కలు తెలిసినవాడు భయపడవలసిన విషయమే.

ఇరానీగారు ఎక్సెల్సియర్ సినిమాలో షో బోట్ అను అమెరికా చిత్రమును చూచిరి. అందు కొంత భాగము మూగ, కొంత భాగము మాటలు. ఇంటికి వచ్చునప్పటికే సంకల్పము స్థిరపడినదట. జోసెఫ్ డేవిడ్ రచించిన పారసీ నాటకమును కథగా గైకొని ఆలం ఆరా చిత్రమును గుట్టుగా ఆరంభించిరి. గుట్టు ఎందులకనగా, కలకత్తాలోని మదన్ థియేటర్స్‌వారు బహు ధనవంతులు, దేశమంతట సినిమాశాలలు గలవారు. వారికి ముందుగా పొక్కినచో పోటీలో నెగ్గుట కల్ల.

టానార్ అను శబ్దయంత్రమును తెప్పించిరి. దానితో విల్‌ఫర్డ్ డెమింగ్ అను అమెరికా నిపుణుడు వచ్చెను. ఆయన దినవేతనము నూరు రూపాయలు. ఆ కాలమున అది సామాన్యమా! కనుక ఇరానీగారు ఆయన చెంత నిలిచి పని నేర్చుకొని, రుస్తుం భరూచాగారి తోడ్పాటుతో తామే శబ్దగ్రహణమునకు దిగిరి. ఆ యంత్రమున బొమ్మయు శబ్దమును ఒకే ఫిలిం మీద ఒక్కసారే పడును. తరువాత గొంతు చేర్చు వీలు లేదు. స్టూడియో ప్రక్కనే రైలుపట్టాలు. బండి పోయినప్పుడెల్ల మాట పాడగును. అందుచేత రైళ్ళు సద్దుమణిగిన పిమ్మట, రాత్రి ఒంటిగంట మొదలు నాలుగు గంటల వరకు చిత్రీకరణము జరిపెడివారు. మైకులను తెరమీద కనబడని చోట దాచవలెను. వాద్యగాండ్రును చాటున నక్కి వాయింపవలెను. డబ్ల్యు. ఎం. ఖాన్ అను నటుడు ఫకీరు వేషమున తొలి పాటను అట్లే పాడెను. కామాఠిపురమున మన పూర్వులు గాఢనిద్రలో నుండు వేళ, పట్టాల ఆవలివైపున ఈ పని నడచుచుండెను.

1931 మార్చి 14వ తేదీన మెజెస్టిక్‌లో ఆలం ఆరా విడుదలయ్యెను. నాడు వరుసలో నిలుచుట జనమునకు అలవాటు లేదు. తొక్కిసలాట నాపుటకు పోలీసులను పిలువవలసివచ్చెను. నాలుగణాల టికెట్టు నాలుగైదు రూపాయలకు చేతులు మారెను. శబ్దము వినిపించు యంత్రములు గల సినిమాశాలలు దేశమున బహు కొద్ది గనుక, చిత్రముతో కూడ యంత్రమును ఊరూరికి త్రిప్పిరి.

గెలిచినవారి కథను మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. మూగచిత్రములకు హార్మనీ, తబలా వాయించి పొట్టపోసికొన్నవారు క్రమముగా వీధిన పడిరి. వారి పేర్లను ఎవరును వ్రాసియుంచలేదు. ఇంపీరియల్‌వారి చిత్రములలో మహారాణివలె వెలిగిన సులోచన హిందూస్థానీ సరిగా పలుకలేక, కొంతకాలము నటన మాని భాష నేర్చుకొని 1932లో మాధురి టాకీతో మరల వచ్చెను. భాష నేర్చుటకు పూనిన ఆమె పట్టుదలను మన విద్యార్థులు గమనింతురు గాక. ఆలం ఆరా నాయకుడు మాస్టర్ విఠల్ తన పాత కంపెనీతో ఒడంబడికను విడిచి వచ్చినందున దావాలో చిక్కుకొనెను. ఆయన పక్షమున వాదించినవారు మహమ్మదాలీ జిన్నా. తీరా చూడగా విఠల్ ఉచ్చారణ బాగుండలేదు. అందుచేత చిత్రమున ఆయనను చాల భాగము మగతలో నున్నట్లు చూపిరని చెప్పుదురు!

ఇక మన సంగతి. పది అంగళ్ళుగా పగులునను భయమునకు ఇరానీగారు కనుగొన్న విరుగుడు ఒక్కటే: పది భాషలలోను తీయుట. ఆలం ఆరా కొరకు వేసిన సెట్లలోనే హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున కాళిదాస్ తయారయ్యెను. అందు నాయిక టి. పి. రాజలక్ష్మి తమిళమున మాటలాడగా ఇతరులు తెలుగున బదులు పలికిరి. నేడు విన్న నవ్వు వచ్చును గాని, 1931 అక్టోబరు 31న మద్రాసులో ప్రేక్షకులు దానిని నవ్వుటకు గాక ఆనందించుటకే చూచిరి. పిమ్మట ఇరానీగారు నిర్మాతగా, రెడ్డిగారే దర్శకులుగా పూర్తి తెలుగు చిత్రమైన భక్త ప్రహ్లాద బొంబాయిలోనే సిద్ధమయ్యెను. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి నటించిరి. చందాల కేశవదాసుగారు పాటలు వ్రాసిరి. అది మొదట విడుదలయినది బెజవాడలో కాదు, మద్రాసులో కాదు. 1932 ఫిబ్రవరి 6న ఈ బొంబాయి నగరపు కృష్ణా సినిమాలో. ఆంధ్రదేశమువారికంటె ముందుగా బొంబాయి తెలుగువారు తమ భాషను తెరపై విన్నారని చెప్పుకొనుటకు మనము సంకోచింపనక్కరలేదు.

ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుండి ఇల్లు విడిచి బొంబాయి చేరిన ఎల్. వి. ప్రసాద్ అను యువకుడు ఆలం ఆరా, కాళిదాస్, భక్త ప్రహ్లాద మూడింటను చిన్న వేషములు ధరించెను. 1982వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనకే లభించెను.

ఇరానీగారు దాచిన గుట్టు ఎంతకాలము నిలిచెను? 1931 మే మాసాంతమునకే మదన్‌వారు షిరీన్ ఫర్హాద్ టాకీని విడుదల చేసిరి. అందు పాటలు ఇంకను మిక్కుటము. ఇరానీగారును కోపగింపక ముందునకు సాగిరి. 1933లో పారసీక భాషలో తొలి టాకీ దుఖ్తరె లోర్ బొంబాయిలో వారి స్టూడియో నుండియే వెలువడెను. తాతలు విడిచి వచ్చిన దేశమునకు మనుమడు పంపిన కానుక యది. 1937లో కిసాన్ కన్య యను చిత్రమునకు రంగులద్దిరి. జనము ఆదరింపలేదు. రంగు అనవసరమని పరిశ్రమలో మరల గుసగుసలు. మరుసటి యేడు ఇంపీరియల్ కంపెనీ మూతబడెను. మొత్తముమీద 150 పైచిలుకు చిత్రములు తీసిన ఇరానీగారిని 1956లో టాకీ రజతోత్సవ సందర్భమున భారతీయ టాకీ పితామహునిగా సన్మానించిరి. 1969 అక్టోబరు 14న వారు బొంబాయిలోనే కన్నుమూసిరి.

చలనచిత్ర వ్యాపారులు నాడును నేడును ప్రతులు దొంగిలింతురని భయపడుదురు. ఆ భయము తగినదే. దొంగప్రతి పనివాని కూడు తీయును. అయితే ఆలం ఆరా, కాళిదాస్, భక్త ప్రహ్లాద, ఈ మూడింటికిని నేడు ప్రతి యెచ్చటను దొరకుటలేదు. నాటి ఫిలిం సులభముగా అంటుకొని మండునది. అందలి వెండి కొరకు పాత రీళ్ళను కరగించుట ఆ కాలమున వాడుక. 1964లో పూనాలో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండారమువారు వెదకి వెదకి విసిగిరి. కొన్ని ఛాయాచిత్రములు, ఒక పాటల పుస్తకము, కొన్ని ప్రకటనలు మాత్రమే మిగిలినవి.

కొన్ని యేండ్ల క్రిందట ఈ నగరముననే చీరలు, వేషములు అద్దెకిచ్చు ఒక అంగడిలో చికాగోలో తయారైన బెల్ అండ్ హోవెల్ యంత్రమొకటి బయటపడెను. ఇరానీగారు కొనితెచ్చి, ఆలం ఆరా ప్రతులను అచ్చు తీసిన యంత్రము అదియేనట.