ఆంధ్ర నాటక పితామహునికొక స్మారక శిల

మన సంఘ వార్షిక మహాసభ బుక్కరాయసముద్రమున జరుగుట మాకెంతయు ముదావహము. విజయనగర ప్రభువగు బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు ఇచ్చటి చెరువును కట్టించెనని ప్రతీతి. ఊరు నేటికిని ఆ ప్రభువు పేరు ధరించియున్నది. వానలు తప్పిన యేండ్ల చెరువెండినను పేరు చెరగలేదు. నీరు నిలిపినవారిని ఇట్లు తలచుకొను ఈ సీమ, వాఙ్మయమును నిలిపినవారిని ఏ మేరకు తలచుచున్నదో విచారింపవలయునని తోచి, ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి చరిత్రమును సభ్యులకు విన్నవించుచున్నాము.

ఆచార్యులవారు 1853లో ధర్మవరమున జన్మించిరి. అనంతపురము జిల్లా 1882లో గాని యేర్పడలేదు. అప్పటికి ఈ ప్రాంతమంతయు బళ్లారి జిల్లాలోనిది. కావున విద్యకైనను, వ్యవహారమునకైనను ఇచ్చటివారికి బళ్లారియే దిక్కు. ఆచార్యులవారును బళ్లారి చేరి న్యాయవాదులై పేరు గడించిరి. పగలు న్యాయస్థానము, రాత్రి నాటకశాల అనునట్లు వారి జీవితము సాగినది.

ధార్వాడ నాటక సమాజమువారు 1880 ప్రాంతమున తెలుగు నేల సంచరించి ప్రదర్శనములిచ్చిరి. తెలుగువారికిని అట్టి రంగస్థలము వలయునను కోరిక నలుదెసల పుట్టినది. ఆచార్యులవారు 1886లో బళ్లారిలో సరసవినోదినీ సభను స్థాపించి, తామే నాటకములు వ్రాసి, తామే నటులకు నేర్పి, తామే వేషములు ధరించి ప్రదర్శింపసాగిరి. చిత్రనళీయము, పాదుకాపట్టాభిషేకము, ప్రహ్లాద మున్నగునవి వారి కృతులు. నాటకమును అంకములతోపాటు రంగములుగ విభజించుట, పాత్రలచేత పాటలు పాడించుట వారు పాటించిన పద్ధతులు.

వీనికన్నిటికి మించిన సాహసము విషాదసారంగధర. నాటకము శుభాంతము కావలెనని సంస్కృత సంప్రదాయము. ఆచార్యులవారు ఆ కట్టు దాటి, సారంగధరుని కథను విషాదముతోనే ముగించిరి. ప్రేక్షకులు కన్నీటితో ఇల్లు చేరుటయు నాటక ఫలమేయని తెలుగువారికి తెలిపిరి.

1891లో వారి సభ చెన్నపట్టణమున ప్రదర్శనములిచ్చెను. వానిని చూచిన పమ్మల్ సంబంధ మొదలియారు ఉత్సాహము పొంది, ఆ యేడే సుగుణవిలాస సభను నెలకొల్పిరి. అరవ నాటకరంగ అభ్యుదయమునకును మన సీమవాడొకడు నిమిత్తమయ్యెనన్నమాట. బళ్లారిలోనే కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభ పక్షమున పోటీగా నాటకములు రచించుట ఉభయులకును మేలే చేసినది. మేనల్లుడగు బళ్లారి రాఘవ ఆ వాతావరణముననే పెరిగి మహానటుడయ్యెను. ఆచార్యులవారు 1912లో కీర్తిశేషులైరి.

ఇట్టివారు మసలిన తావులను గుర్తించుట నాగరక జాతుల ఆచారము. లండను నగరమున ప్రసిద్ధుల ఇండ్లకు ఫలకములు పెట్టు పద్ధతి 1867లో బైరను కవి పుట్టిన ఇంటితో మొదలైనది. 1889లో ఆ ఇల్లు పడగొట్టగా మొదటి ఫలకమును దానితోనే పోయినది. మన దేశమునను వీరేశలింగము పంతులుగారి రాజమహేంద్రవరపు జన్మగృహము, గురజాడవారి విజయనగరపు ఇల్లు స్మారకములైనవి. కడపలో బ్రౌను దొర బంగళా శిథిలములున్న చోట గ్రంథాలయము వెలసినది. రాఘవ పేర బళ్లారిలో కళామందిరము కలదు. మేనల్లునకు లభించిన ఈ గౌరవము మేనమామకును తగునుగదా!

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. నాటకము పెరిగిన ఊరొక రాష్ట్రమున, నాటకకర్త పుట్టిన ఊరు వేరొక రాష్ట్రమున నుండుటచేత ఉభయులును మరచిపోవు ప్రమాదమున్నది. కావున ధర్మవరమున తెలుగున, బళ్లారిలో తెలుగు కన్నడములందు ఒక్కొక్క శిల నెలకొల్పుటకు మన సంఘము పూనుకొనవలెనని మా మనవి. గోడకు తాపించిన పలక గోడతో పోవును. కావున నలుగురు మెలగు బహిరంగ స్థలమున రాతిని పాతుట మేలు. స్థల విషయమున దస్తావేజులు చూచి నిశ్చయించుకొనిన పిమ్మటనే అక్షరములు చెక్కింపవలెను. తప్పు చెక్కిన రాయి లేని రాతికంటె చెరుపు.

మరియొక మాట. ఆ శిలపై పేరు, సంవత్సరములు, కృతులు ఉండిన చాలును. కులము పేరు గాని, చందాదారుల పేర్లు గాని, మన సంఘము పేరు గాని వలదు. ఇది కొందరు సభ్యులకు రుచింపకపోవచ్చును. కాని చెరువు నీరు గట్టు వేసినవారి పొలములకే పారదు. ఆచార్యులవారి నాటకములు సర్వజనులవి. మహాసభవారు ఈ విషయమును సావధానముగ ఆలోచించి తీర్మానింతురుగాక!