గుమాస్తాగా చేరి నలభై ఏడేళ్ళు – విల్బర్ కార్ జీవితం

అమెరికా విదేశాంగ శాఖలో 1892 జూన్ నెలలో ఒక ఇరవై ఒక్క ఏళ్ళ యువకుడు గుమాస్తాగా చేరాడు. షార్ట్‌హ్యాండ్ వచ్చు. సిఫారసు చేసే పెద్దమనిషి గాని, పేరున్న వంశం గాని లేవు. ఒహాయో రాష్ట్రంలో హిల్స్‌బరో దగ్గర ఒక వ్యవసాయ కుటుంబంలో 1870 అక్టోబరు 31న పుట్టినవాడు. అతడే విల్బర్ జె. కార్. 1939లో ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయే నాటికి ఆ దేశపు విదేశీ సర్వీసులో పరీక్ష, గ్రేడు, ప్రమోషన్, తనిఖీ, పింఛను అన్నవన్నీ చట్టబద్ధంగా ఏర్పడి ఉన్నాయి. వాటిలో చాలావాటి వెనుక ఆయన చెయ్యి ఉంది. సర్వీసు నిబంధనల మధ్యే జీవితం గడిపిన మనవంటి వారికి ఈయన కథ కొత్తగా అనిపించదు.

ఆయన చేరిన రోజుల్లో ఆ సర్వీసు తీరే వేరు. విదేశీ రేవుల్లోను, నగరాల్లోను తమ దేశపు వర్తకులకు, నావికులకు, ప్రయాణికులకు సాయపడే ఉద్యోగిని కాన్సలు అంటారు. ఆ ఉద్యోగాలు గెలిచిన పార్టీ తనవారికి పంచిపెట్టే బహుమానాలు. అధ్యక్షుడు మారితే కాన్సళ్ళు మూటాముల్లె సర్దుకోవలసిందే. ఈ పందారం ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1881 జులైలో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చిన గిటో అనేవాడు పారిస్‌లో కాన్సలు ఉద్యోగం ఇమ్మని ఆఫీసుల చుట్టూ తిరిగి, అది రాక కక్షగట్టినవాడే. ఆ హత్య తర్వాత 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి, కొన్ని ప్రభుత్వోద్యోగాలకు పోటీ పరీక్షలు పెట్టారు. విచిత్రమేమంటే కాన్సళ్ళకు మాత్రం అది వర్తించలేదు! పైగా చాలాచోట్ల కాన్సలుకు జీతానికి బదులు వసూలు చేసిన ఫీజులే ఆదాయం. సంతకానికింత, ముద్రకింత అని తీసుకుని జేబులో వేసుకోవడమే పద్ధతి.

కార్ మొదట చేసిన పని తన చదువు పెంచుకోవడం. ఉద్యోగం చేస్తూనే 1894లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్రంలో పట్టా తీసుకున్నారు. 1899లో కొలంబియన్ విశ్వవిద్యాలయం నుంచి ఆ పై పట్టా కూడా వచ్చింది. 1902లో కాన్సలు వ్యవహారాల విభాగానికి అధిపతి అయ్యారు. ఫైళ్ళన్నీ ఆయనకు కంఠోపాఠం. మంత్రులు వస్తారు, పోతారు. ఏ కాగితం ఎక్కడుందో తెలిసిన ఉద్యోగి మాత్రం ఉంటాడు. కార్ బలమంతా అక్కడే ఉంది.

1905లో విదేశాంగ మంత్రిగా ఎలిహు రూట్ రావడంతో ఆయనకు కలిసివచ్చింది. 1906 ఏప్రిల్ 5న కాన్సలు సర్వీసు చట్టం వచ్చింది. ముసాయిదా పనిలో కార్‌ది ముఖ్యపాత్ర. ఉద్యోగాలను తరగతులుగా విభజించి జీతాలు నిర్ణయించారు. ఫీజులు ఖజానాకే జమ కావాలన్నారు. తనిఖీ చేయడానికి ఐదుగురు సంచార అధికారులను పెట్టారు. పరీక్షల మాట చట్టంలో లేదు. రాజకీయుల పట్టు పోతుందని కాంగ్రెసు సభ్యులు దాన్ని తప్పించారు. అదే ఏడాది జూన్ 27న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ద్వారా పరీక్షలు ప్రవేశపెట్టారు. చట్టం చేయనిది ఉత్తర్వుతో నెగ్గించుకోవడం ఎలాగో సచివాలయంలో పనిచేసిన మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు.

1909 నుంచి 1924 దాకా కార్ కాన్సలు సర్వీసు డైరెక్టరుగా ఉన్నారు. కాంగ్రెసు కమిటీల ముందు నిలబడి బడ్జెటులో ప్రతి డాలరుకూ లెక్క చెప్పేవారు. అయితే శాఖలో రెండు కులాలవంటి విభజన ఒకటి ఉండేది. రాయబార కార్యాలయాల్లో పనిచేసే దౌత్య కార్యదర్శులు ఒక వర్గం. వీరి జీతాలు చాలీచాలనివి కాబట్టి ఇంట్లో ఆస్తి ఉన్నవారే, హార్వర్డ్ వంటి చోట్ల చదివినవారే ఎక్కువగా చేరేవారు. కాన్సళ్ళు రెండో వర్గం. పని వీరిది, హోదా వారిది. ఈ రెంటినీ కలిపి ఒకే సర్వీసు చేయాలని మసాచుసెట్స్ ప్రతినిధి జాన్ జేకబ్ రోజర్స్ పట్టుబట్టారు. ఆయనకు అండగా ఉండి సమాచారమంతా సమకూర్చినవారు కార్.

1924 మే 24న రోజర్స్ చట్టంపై అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం చేశారు. జులై 1 నుంచి ఒకే విదేశీ సర్వీసు. తరగతుల్లోని అధికారుల జీతాలు ఏడాదికి 3,000 నుంచి 9,000 డాలర్లు. ఇక మన పాఠకులకు కావలసిన సంగతి: పింఛను. జీతంలో 5 శాతం కోత పెట్టి నిధి ఏర్పరచారు. 65 ఏళ్ళు నిండి కనీసం 15 ఏళ్ళ సర్వీసు ఉన్నవారికి విరమణ వేతనం. అంతకు ముందు ఎక్కడెక్కడి ఉష్ణదేశపు రేవుల్లోనో జ్వరాలతో ముప్పై ఏళ్ళు గడిపి వచ్చిన కాన్సలుకు వృద్ధాప్యంలో ఇటువంటి భరోసా లేదు. నా మట్టుకు నాకు ఆ చట్టంలో గొప్ప భాగం ఇదే. రోజర్స్ మరుసటి ఏడాదే చనిపోయారు. ఆయన స్థానానికి భార్య ఎడిత్ ఎన్నికై 1960లో చనిపోయేదాకా కాంగ్రెసులో కొనసాగారు.

చట్టం వచ్చినంత మాత్రాన మనుషులు మారరు కదా. కొత్త సిబ్బంది బోర్డు పాత దౌత్యవర్గం వారికి వేగంగా ప్రమోషన్లు ఇచ్చింది. కాన్సళ్ళు వెనుకబడ్డారు. ఫిర్యాదులు పెరిగి 1927–28లో పత్రికలకు, సెనేటుకు ఎక్కాయి. 1931 ఫిబ్రవరి 23న మోజెస్–లింథికమ్ చట్టంతో కొంత సర్దుబాటు జరిగింది. అప్పటికి కార్ సహాయ విదేశాంగ మంత్రి. 1924 నుంచి 1937 వరకు ఆ పదవిలో ఉన్నారు.

ఆయన జీవితంలో మెచ్చుకోలేని భాగం కూడా ఉంది. దాన్ని దాచి రాస్తే ఇది జీవితచరిత్ర కాదు, సన్మానపత్రం అవుతుంది. 1920లో వలసలను ఆపాలని వాదిస్తున్న కాంగ్రెసు కమిటీకి కార్ పేరుతో కాన్సళ్ళ నివేదికల సారాంశం ఒకటి వెళ్ళింది. తూర్పు యూరపు యూదుల గురించి అందులో ఉన్న మాటలు నీచమైనవి. 1924లోనే వచ్చిన వలస చట్టం కాన్సలు చేతిలో వీసా అనే తాళంచెవి పెట్టింది. 1933 తర్వాత హిట్లరు బాధితులు ఆ తలుపు తట్టినప్పుడు నిబంధనలు సడలించనివ్వకుండా నిలిచిన శాఖాధికారుల్లో కార్ ఒకరు. సర్వీసులోకి స్త్రీలను, నల్లజాతివారిని రానీయకుండా చూడడం ఎలా అని లోపల చర్చలూ సాగాయి. అయినా 1925లో ప్యాటీ ఫీల్డ్ అనే మహిళ, క్లిఫ్టన్ వార్టన్ అనే నల్లజాతి యువకుడు పరీక్ష నెగ్గి ప్రవేశించారు. పుట్టుకను చూడకుండా ప్రతిభనే చూడాలని పోరాడిన రైతుబిడ్డ ఇతరుల విషయంలో పుట్టుకనే చూశాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

వీసా కోసం మన పిల్లల కాగితాలు పట్టుకుని చెన్నై కాన్సులేటు ముందు, 2008 నుంచి హైదరాబాదులో నిలబడ్డ తల్లిదండ్రులు మన సభ్యుల్లో ఎందరో ఉన్నారు. కిటికీ అవతల కూర్చున్న అధికారికి ఉన్న ఆ అధికారం పుట్టుక ఆ రోజుల్లోదే.

1937లో కార్‌ను చెకోస్లొవేకియాకు రాయబార మంత్రిగా పంపారు. జీవితమంతా ఇతరులను విదేశాలకు పంపినవాడు తాను విదేశంలో ఉద్యోగం చేయడం అదే మొదలు, అదే చివర. వయసు అరవై ఆరు. ప్రాగ్‌లో ఏడాది గడిచిందో లేదో, 1938 సెప్టెంబరు చివర మ్యూనిక్ ఒప్పందంతో ఆ దేశం సరిహద్దులు హిట్లరు పాలయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే జార్జి కెన్నన్ అనే యువ అధికారి ఆయన కింద పనిచేయడానికి వచ్చారు. ఈయనే తర్వాత రష్యా వ్యవహారాల్లో ప్రపంచ ప్రసిద్ధుడయ్యారు. 1939 మార్చి 15న జర్మన్ సైన్యం ప్రాగ్‌లో ప్రవేశించింది. ఆశ్రయం కోసం అమెరికా కార్యాలయానికి వచ్చినవారిలో యూదులున్నారు. ఏళ్ళ తరబడి వాషింగ్టన్‌లో కాగితాల మీద చూసిన మనుషులు ఇప్పుడు ఆయన గుమ్మం ముందే నిలబడ్డారు. ఏప్రిల్‌లో కార్ ప్రాగ్ విడిచి స్వదేశం చేరారు. ఆ ఏడాదే ఉద్యోగ విరమణ.

విశ్రాంత జీవితం మూడేళ్ళకు మించలేదు. 1942 జూన్ 26న బాల్టిమోర్‌లో కన్నుమూశారు. 1960లో కాథరీన్ క్రేన్ ఆయన జీవితచరిత్ర వెలువరించారు. ఆయన డైరీలు వాషింగ్టన్‌లోని కాంగ్రెసు గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. రోజర్స్ చట్టం స్థానంలో 1946లో ఒకటి, 1980లో మరొకటి కొత్త చట్టాలు వచ్చాయి. విరమణ వయసును 1946లో చాలామందికి 60కి దించి, 1980లో మళ్ళీ కార్ కాలం నాటి 65కే తెచ్చారు.