తీర్పుల పీఠం నుంచి ఓట్ల బరికి..
సర్వోన్నత న్యాయస్థానాన్ని వదిలి ఎన్నికలో నిలిచిన కోకా సుబ్బారావు

చందూర్: ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ పల్లె రచ్చబండల వద్ద ఒక సందేహం వినిపిస్తుంటుంది. సర్పంచును మనమే ఎన్నుకుంటాం, శాసనసభ్యుడికీ మనమే ఓటు వేస్తాం. మరి బోధన్ కోర్టులో కూర్చొనే జడ్జిని ఎవరు ఎన్నుకుంటారు? అమెరికాలో పిల్లలున్నవారు అక్కడి అనేక రాష్ట్రాల్లో జడ్జీలకూ ఎన్నికలుంటాయని చెబుతుంటారు. మన దేశంలో ఆ పద్ధతి లేదు. అయితే దేశంలోని అత్యున్నత న్యాయపీఠాన్ని వదులుకొని ఓట్ల బరిలోకి దిగిన తెలుగువాడొకరున్నారు. ఆయనే జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన జీవితంలోకి తొంగిచూస్తే పై సందేహానికి చాలావరకు సమాధానం దొరుకుతుంది.

గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో 1902 జులై 15న ఆయన జన్మించారు. తండ్రి న్యాయవాది. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో పట్టా పుచ్చుకొని, మద్రాసు లా కళాశాలలో న్యాయశాస్త్రం చదివారు. మామగారైన పి.వెంకటరమణారావు నాయుడు వద్ద వృత్తి ఆరంభించారు. మధ్యలో జిల్లా మున్సిఫ్‌గా ఎంపికై బాపట్లలో కొన్ని నెలలు పనిచేశారు. ఆ తర్వాత మళ్లీ నల్లకోటు వేసుకొని, బావమరిది పి.వి.రాజమన్నార్‌తో కలిసి మద్రాసులో వకీలుగా స్థిరపడ్డారు.

మున్సిఫ్‌ను నియమించేదెవరు?

నాటి మున్సిఫ్‌నే నేడు జూనియర్ సివిల్ జడ్జి అంటున్నాం. ఈ కొలువుకు రాతపరీక్ష, మౌఖిక పరీక్ష ఉంటాయి. కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలన్న నిబంధనను సర్వోన్నత న్యాయస్థానం 2025 మే నెలలో తిరిగి తెచ్చింది. నియామకపు ఉత్తర్వు గవర్నర్ పేరిట వెలువడుతుంది. కానీ బదిలీ, పదోన్నతి, క్రమశిక్షణ అంతా హైకోర్టు చేతిలోనిదే. శాసనసభ్యుడు తహసీల్దారు బదిలీకి సిఫారసు చేయించగలడేమో గానీ, జడ్జి బదిలీలో ఆయన మాట చెల్లకూడదు. ఓటరుకు ఈ తేడా తెలియకనే కోర్టు పని కోసం నాయకుల ఇళ్ల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకునేవారు నేటికీ కనిపిస్తారు.

1948లో సుబ్బారావు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తర్వాత 1954 జులైలో గుంటూరులో ప్రారంభమైన హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి హైకోర్టు హైదరాబాద్‌కు చేరడంతో నిజామాబాదు జిల్లా న్యాయస్థానాలు కూడా ఆయన పర్యవేక్షణలోకి వచ్చాయి. నిజాం కాలంలో ఉర్దూలో నడిచిన అదాలతులివి. మద్రాసు సంప్రదాయంలో పెరిగిన ప్రధాన న్యాయమూర్తి వాటికి పెద్ద అయ్యారు. 1958 జనవరి 31న ఆయన ఢిల్లీకి వెళ్లి సర్వోన్నత న్యాయస్థానంలో పదవి స్వీకరించారు.

రాత్రివేళ తలుపు తట్టవచ్చా?

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్‌సింగ్ అనే వ్యక్తిపై దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేసిన పోలీసులు ఆయనపై నిఘా పెట్టారు. అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టేవారు. 1962 డిసెంబరులో వెలువడిన తీర్పులో అధిక సంఖ్యాక న్యాయమూర్తులు రాత్రి సోదాలను కొట్టివేశారు గానీ, ఆంతరంగికత ప్రాథమిక హక్కు కాదన్నారు. సుబ్బారావు ఒప్పుకోలేదు. అది వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని, మొత్తం నిఘా నిబంధనే చెల్లదని విడిగా తీర్పు రాశారు. నాడు ఓడిన ఆ అభిప్రాయమే 2017 ఆగస్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చేతిలో గెలిచింది. అప్పటికి ఆయన కన్నుమూసి నలభై ఏళ్లు దాటింది.

1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను వరించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో తీర్పు వెలువడింది. పంజాబులో భూపరిమితి చట్టం కింద భూమి పోయిన కుటుంబం వేసిన వ్యాజ్యమది. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు, ఉందని ఐదుగురు తేల్చారు. విచిత్రమేమంటే సూత్రం గెలిచినా ఆ కుటుంబానికి భూమి తిరిగి రాలేదు. తీర్పు ఇకముందు చేసే సవరణలకే వర్తిస్తుందని సుబ్బారావు రాయడంతో పాత భూసంస్కరణలు నిలిచాయి. 1973లో కేశవానంద భారతి కేసులో ఈ తీర్పును పక్కనబెట్టి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం మార్చరాదని సర్వోన్నత న్యాయస్థానం తేల్చింది.

మన జిల్లావాసులకు మరింత దగ్గరి తీర్పు ఇంకొకటుంది. 1967 ఏప్రిల్ 10న సత్వంత్‌సింగ్ సాహ్నీ కేసులో, విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టమంటూ లేకుండా పాస్‌పోర్టు నిరాకరించడం కుదరదని సుబ్బారావు నాయకత్వంలో ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఇద్దరు విభేదించారు. అంతవరకు పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం సర్కారు ఇష్టం. ఈ తీర్పుతోనే అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. బోధన్, వర్ని, కోటగిరి పల్లెల నుంచి దుబాయి, మస్కట్ బాట పట్టిన వేలాది మంది సంచిలో ఉన్న ఆ చిన్న పుస్తకం వెనుక ఈ తీర్పుందని ఎంతమందికి తెలుసు?

మరునాడే రాజీనామా

ఆ తీర్పు ఇచ్చిన మరునాడే, ఏప్రిల్ 11న, ఆయన రాజీనామా చేశారు. పదవీకాలం ముగియడానికి మరో మూడు నెలలే ఉంది. కానీ రాష్ట్రపతి ఎన్నిక మే 6న జరగాల్సి ఉంది. కాంగ్రెస్ తరఫున హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ పోటీచేయగా, ప్రతిపక్షాలు సుబ్బారావును నిలిపాయి.

ఈ ఎన్నికలోనూ సామాన్య ఓటరుకు నేరుగా ఓటు లేదు. పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులే ఓటర్లు. రాష్ట్ర జనాభాను బట్టి ఒక్కో శాసనసభ్యుడి ఓటుకు విలువ కడతారు. 2022 ఎన్నికలో తెలంగాణ శాసనసభ్యుడి ఓటు విలువ 132. అందుకే ఫలితాలు లక్షల్లో కనిపిస్తాయి. 1967లో జాకీర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 ఓట్లు వచ్చాయి. నిజామాబాదు నుంచి ఆ ఏడాది స్వతంత్రుడిగా గెలిచిన ఎం.నారాయణరెడ్డి లోక్‌సభలో ఉన్నారు. ఓటు రహస్యం కనుక ఎవరు ఎటు వేశారన్నది బ్యాలెట్ పెట్టెకే తెలియాలి.

ఓటమి కంటే విమర్శ ఎక్కువ బాధించి ఉంటుంది. ప్రభుత్వానికి వ్యతిరేకంగా గోలక్‌నాథ్ తీర్పునిచ్చిన ఆరు వారాలకే ప్రతిపక్షాల అభ్యర్థి కావడమేమిటని న్యాయవాద వర్గాల పెద్దలే తప్పుబట్టారు. ఆ తప్పుబట్టడంలో న్యాయముంది. తీర్పు నిజాయతీగానే ఇచ్చి ఉండవచ్చు. కానీ కక్షిదారుకు అనుమానం రాకుండా చూడటమూ న్యాయమూర్తి బాధ్యతే. రాజ్యాంగం మాత్రం దీనికి అడ్డు చెప్పలేదు. సర్వోన్నత న్యాయస్థానంలో పనిచేసినవారు దేశంలోని ఏ కోర్టులోనూ వాదించరాదని 124వ అధికరణం అంటుంది. పోటీచేయరాదని ఎక్కడా లేదు. ఈనాటికీ లేదు. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి ఒకరు 2024 మార్చిలో రాజీనామా చేసి, ఆ వేసవిలోనే లోక్‌సభకు ఎన్నికయ్యారు. 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచి ఓడిన జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి కూడా తెలుగువారే. అయితే ఆయన న్యాయపీఠం దిగి అప్పటికి పద్నాలుగేళ్లయింది.

ఎన్నిక తర్వాత సుబ్బారావు మరే పదవినీ చేపట్టలేదు. అత్యవసర పరిస్థితి కొనసాగుతుండగా 1976 ఏప్రిల్ 28న సర్వోన్నత న్యాయస్థానం, నిర్బంధంలో ఉన్న పౌరుడు విడుదల కోరుతూ కోర్టు తలుపు తట్టే వీలు లేదని నాలుగు ఒకటి తేడాతో తీర్పు చెప్పింది. ఎనిమిది రోజుల అనంతరం, మే 6న సుబ్బారావు కన్నుమూశారు. ఆయనకు ఓట్లు పడిన రోజుకు సరిగ్గా తొమ్మిదేళ్లు.