పక్షుల లెక్క రాసిన సలీం అలీ సాహెబ్

మన ఇళ్ళల్లో పిల్లవాడి చదువు మాట వస్తే పెద్దవాళ్ళం రెండే ప్రశ్నలు వేస్తాం. ఏ డిగ్రీ వస్తుంది? ఏ ఉద్యోగం వస్తుంది? ఈ రెండింటికీ జవాబు చెప్పలేకపోయిన ఒక యువకుడు తర్వాతి కాలంలో మన దేశపు పక్షిశాస్త్రానికి పెద్దదిక్కు అయ్యారు. ఆయనే డాక్టర్ సలీం అలీ. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో కాపురాలుంటూ కొల్లేటిని ఇంటి చెరువులా చూసుకునే మనం ఆయన జీవితం తెలుసుకోవలసిన అవసరం ఉన్నది. ఈనాడు అటవీశాఖ వన్యప్రాణి విభాగంవారు కొల్లేటిలో పక్షుల్ని లెక్కపెడుతున్నా, గూళ్ళకు కాపలా కాస్తున్నా, అది ఆయన వేసిన బాటే.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో, సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. తోబుట్టువుల్లో ఆఖరివారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళ వయసులో తల్లి పోయారు. పిల్లలు లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఈ అనాథ పిల్లల్ని చేరదీసి పెంచారు. త్యాబ్జీలది పేరున్న కుటుంబం. 1887లో మద్రాసు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ త్యాబ్జీ ఆ ఇంటివారే.

ఆ రోజుల్లో షికారు అంటే మగపిల్లలకు గొప్ప సరదా. మేనమామ కొనిచ్చిన చిన్న ఎయిర్‌గన్‌తో సలీం పిచ్చుకల్ని కొట్టేవారు. ఒకసారి నేల రాలిన పిచ్చుక గొంతుమీద పసుపు మచ్చ కనిపించింది. ఇది మామూలు పిచ్చుక కాదే అని మేనమామను అడిగితే ఆయనకూ తెలియలేదు. తాను సభ్యుడుగా ఉన్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పిల్లవాణ్ణి పంపించారు. 1883లో స్థాపించిన ఆ సంస్థకు అప్పుడు మిల్లార్డ్ అనే తెల్లదొర కార్యదర్శి. కుర్రవాడే గదా అని ఆయన కసురుకోలేదు. పక్షి పేరు చెప్పి, బీరువాల సొరుగులు లాగి, గడ్డి కూరి భద్రపరచిన పక్షుల్ని వరుసగా చూపించారు. చదవమని పుస్తకాలు కూడా ఇచ్చారు. ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడి ప్రశ్నను ఖాతరు చేసినందువల్ల ఎంత మేలు జరిగిందో చూడండి.

చదువులో మాత్రం సలీం అంతంతమాత్రమే. తరచు తలనొప్పితో బాధపడేవారు. 1913లో అతికష్టం మీద మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరి మధ్యలో వదిలేసి, బర్మాలోని తవాయ్‌కి వెళ్ళారు. అక్కడ వాళ్ళ కుటుంబానికి వుల్ఫ్రామ్ గనులు, కలప వ్యాపారం ఉండేవి. వ్యాపారం కలిసిరాలేదు గానీ, ఆ అడవుల్లో పక్షుల్ని చూసే అలవాటు మాత్రం గట్టిపడింది. 1917లో తిరిగివచ్చి వాణిజ్య చట్టం, అకౌంటెన్సీ చదువుతుంటే, సెయింట్ జేవియర్స్‌లోని ఫాదర్ బ్లాటర్ ఆయన అసలు మనసు కనిపెట్టి జంతుశాస్త్రం వైపు తిప్పారు. 1918 డిసెంబరులో తెహ్మీనా బేగంతో నికా జరిగింది.

ఇక ఉద్యోగం సంగతి. ప్రభుత్వ సంస్థ అయిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షిశాస్త్రజ్ఞుడి పోస్టుకు ప్రయత్నిస్తే, యూనివర్సిటీ డిగ్రీ లేదన్న కారణాన దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే గైడ్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. నెలకు 350 రూపాయల జీతం. ఆ కాలానికి మంచి జీతమే. కాని వచ్చినవారికి చెప్పడానికి తన జ్ఞానం చాలదనిపించి, 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ మ్యూజియంలో స్ట్రెస్‌మాన్ అనే మహాపండితుడి దగ్గర శిష్యరికం చేశారు. 1930లో ఇంటికి వచ్చేసరికి ఆయన ఉద్యోగం లేదు. డబ్బు లేదని ఆ పోస్టునే తీసేశారు.

మరొకరైతే కుంగిపోయేవారు. ఆయన భార్యతో కలిసి బొంబాయికి ఎదురుగా సముద్రం అవతలి ఒడ్డునున్న కిహీం అనే పల్లెకు మకాం మార్చారు. అక్కడ ఇంటి దగ్గరే గిజిగాళ్ళు గూళ్ళు కట్టుకున్నాయి. మన తాటిచెట్లకూ ఈతచెట్లకూ వేలాడే గిజిగాడి గూళ్ళను చూడనివారెవరు? సలీం సాహెబ్ రోజుల తరబడి కూర్చుని చూసి, చూసింది చూసినట్టు రాశారు. మగ గిజిగాడు గూడు సగం కడతాడు. ఆడపక్షి వచ్చి పరిశీలించి, నచ్చితేనే అందులో చేరుతుంది. లోపలి పని అప్పుడు పూర్తవుతుంది. ఆ మగపక్షి వెంటనే మరో గూడు మొదలుపెట్టి మరో ఆడపక్షిని పిలుస్తాడు. తరతరాలుగా జనం కళ్ళముందు జరుగుతున్న ఈ సంసారాన్ని వివరంగా కాగితం మీద పెట్టి 1931లో ఆయన అచ్చువేశారు. ఉద్యోగం లేని రోజుల్లో చేసిన ఆ పనే శాస్త్రజ్ఞుల్లో ఆయనకు పేరు తెచ్చింది.

తర్వాత ఆయన ఒక ఉపాయం చేశారు. స్వదేశీ సంస్థానాల్లో ఏ పక్షులున్నాయో సరిగా నమోదు కాలేదు. నాకు జీతం అక్కర్లేదు, ప్రయాణం ఖర్చులు, బస ఖర్చులు ఇప్పించండి, సర్వే నేను చేస్తానన్నారు. నిజాం ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానం ముందుకు వచ్చింది. 1931, 32 సంవత్సరాల్లో ఆయన, తెహ్మీనా బేగం డేరాలు వేసుకుంటూ తిరిగారు. నల్లమలలో అమ్రాబాద్ దగ్గరి మన్ననూరు, ఫరహాబాద్ అడవులు కూడా ఆ సర్వేలోవే. అంటే ఈ మహానుభావుడి తొలి పెద్ద కృషికి తెలుగునేలే వేదిక. ఆ తర్వాత కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియరు, ఇండోరు, భోపాలు సర్వేలు జరిగాయి. ప్రభుత్వోద్యోగం ఇవ్వమన్న మనిషే ఒక్కొక్క ప్రభుత్వానికీ దాని పక్షుల జాబితా తయారుచేసి ఇచ్చారన్నమాట.

1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా బేగం చనిపోయారు. అడవుల్లో కూడా ఆయనకు తోడు నిలిచిన ఇల్లాలు ఆమె. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. చెల్లాచెదురైన మనసును పనిలో పెట్టుకున్నారు. 1941లో భారతదేశపు పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం వెలువడింది. మామూలు మనిషి కూడా బొమ్మ చూసి పక్షిని పోల్చుకోగలిగే పుస్తకం అది. జైల్లో ఉన్న నెహ్రూ, నైనీ జైల్లో ఉన్న కూతురు ఇందిరకు ఆ పుస్తకాన్నే కానుకగా పంపారు. తర్వాత అమెరికాకు చెందిన డిల్లన్ రిప్లీతో కలిసి 1968 నుంచి 1974 దాకా పది సంపుటాల మహాగ్రంథం వెలువరించారు. అప్పటికి ఆయనకు 78 ఏళ్ళు.

ఒక సంగతి దాచనక్కరలేదు. పక్షుల్ని కాపాడిన ఈ మనిషి వాటిని తుపాకీతో కొట్టినవారే. ఆ కాలంలో పక్షిని చేతిలోకి తీసుకుని కొలిస్తేగాని దాని జాతి తేల్చేవారు కాదు. పోనుపోను ఆయన పద్ధతులు మారాయి. 1959 నుంచి, ప్రపంచ ఆరోగ్యసంస్థ సాయంతో, వలసపక్షుల్ని వలతో పట్టి, కాలికి నంబరు, చిరునామా ఉన్న చిన్న ఉంగరం తొడిగి వదిలేసే పని పెద్దఎత్తున నడిపించారు. ఆ ఉంగరం ఎక్కడో దూరదేశంలో దొరికితే, పక్షి ఏ దారిన ఎంత దూరం వెళ్ళిందో తెలిసిపోతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక నిధులు లేక కుంటుబడిన బొంబాయి సొసైటీకి నెహ్రూగారితో చెప్పి సాయం తెప్పించారు. రాజస్థాన్‌లో భరత్‌పూర్ చిత్తడినేలను ఎండగట్టి పొలాలు చేద్దామన్నప్పుడు అడ్డుపడి నిలబెట్టారు. అదే భరత్‌పూర్‌లో ఒక సలహా బెడిసికొట్టింది కూడా. గేదెల్ని లోపలికి రానీయకూడదని ఆయన చెప్పారు. 1982లో మేత నిషేధించారు. గేదెలు లేకపోయేసరికి గడ్డి దట్టంగా పెరిగి నీటిని కప్పేసింది, నీటిపక్షులు తగ్గాయి. ఈ విషయం తేల్చినవారు ఆయన సొసైటీ శాస్త్రజ్ఞులే. పెద్దాయన మాట అని ఊరుకోలేదు, లెక్కలు ఏం చెబితే అదే రాశారు. ఆయన వాళ్ళకు నేర్పిందీ ఆ నిజాయితీనే.

1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. పాల్ గెట్టీ బహుమతి కింద వచ్చిన 50 వేల డాలర్లు పక్షుల సంరక్షణకే ఇచ్చేశారు. అలీగఢ్, ఢిల్లీ యూనివర్సిటీలు గౌరవ డాక్టరేట్లిచ్చాయి. 1978లో మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కూడా ఇచ్చింది. డిగ్రీ లేదని ఒకనాడు పోస్టు దక్కని మనిషికి యూనివర్సిటీలే డాక్టరు పట్టాలు తెచ్చి ఇచ్చాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1987 జూన్ 20న, తొంభైయొకటో ఏట బొంబాయిలో కన్నుమూశారు.

ఆయన చివరి రోజుల్లో మన రాష్ట్రం నుంచే ఒక మంచి కబురు అందింది. 1900 తర్వాత ఎవరి కంటా పడని కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో దొరికింది. స్థానికుల సాయంతో దాన్ని కనుగొన్నది ఆయన సొసైటీ శాస్త్రజ్ఞుడే. ఆ పక్షి కోసం 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. 1990లో కేంద్రప్రభుత్వం కోయంబత్తూరులో ఆయన పేరుతో పక్షిశాస్త్ర కేంద్రం స్థాపించింది. ఏ పోస్టుకు ఆయన అర్హుడు కాదన్నారో అలాంటి పోస్టులకు మనుషుల్ని తయారుచేసే సంస్థకు ఆయన పేరే పెట్టుకున్నారు.

ఇప్పుడు మన కొల్లేటికి వద్దాం. గూడబాతులు గూళ్ళు పెట్టే తావులు దక్షిణాదిన ఒక్కొక్కటే మాయమవుతున్న కాలంలో, 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ ఉపాధ్యాయుడు మన పశ్చిమ గోదావరి జిల్లాలో అలాంటి తావు ఒకటి చూశారు. ఆ వివరాలు 1949లో బొంబాయి సొసైటీ పత్రికలోనే అచ్చయినాయి. అలా రాసిపెట్టబట్టే మనకు వెనకటి సంగతి తెలిసింది. 1970ల తర్వాత కొల్లేటిలో గూడబాతులు గూళ్ళు మానేశాయి. ఆ తర్వాత చేపల చెరువులు సరస్సును ఆక్రమించాయి. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలమీద చెరువుల గట్లు తెగగొట్టారు. కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖవారు ఇనపస్టాండ్లు నిలబెడితే గూడబాతులు వాటిమీద మళ్ళీ గూళ్ళు పెట్టాయి.

కొల్లేటి మీద బతికేవాళ్ళ కష్టం కూడా తక్కువది కాదు. చెరువుల్లో పెట్టుబడి పెట్టినవాళ్ళున్నారు, కూలికి వెళ్ళేవాళ్ళున్నారు, వల పుచ్చుకుని బతికేవాళ్ళున్నారు. పక్షా, మనిషా అని కేకలు వేసుకుంటే తేలేది కాదు. బుడమేరు, తమ్మిలేరు ఎంత నీరు, ఎంత మురుగు తెస్తున్నాయి, ఉప్పుటేరు ఎంత లాగుతోంది, ఈ ఏడు ఎన్ని గూళ్ళు, ఎన్ని పిల్లలు, నిరుడు ఎన్ని? ఇవి ఎవరో ఒకరు ఏటేటా ఓపికగా రాయాలి. ప్రభుత్వంలో వన్యప్రాణి శాస్త్రజ్ఞుడి ఉద్యోగం అంటే ఇదే. తెల్లవారకముందే పడవెక్కడం, దుర్భిణీతో లెక్కపెట్టడం, సాయంత్రం పుస్తకంలో ఎక్కించడం. ఆ లెక్క లేకపోతే కోర్టులోగాని, కలెక్టరు ముందుగాని అటు పక్షికీ ఇటు పల్లెవాడికీ న్యాయం జరగదు.

అందుచేత మన కుటుంబాల్లో ఏ అబ్బాయైనా, ఏ అమ్మాయైనా పుస్తకం పక్కనపెట్టి పిట్టవైపు చూస్తుంటే, చదువు పాడైపోతోందని కోప్పడకండి. ఈ రోజుల్లో ఆ ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి, కనుక చదివించండి. దాంతోపాటు ఒక నోటుపుస్తకం కొనిచ్చి తేదీ, చోటు, పక్షి, సంఖ్య రాయమనండి. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా దేశాల్లో నీటిపక్షుల గణన జరుగుతోంది. అందులో మామూలు జనం కూడా పాల్గొనవచ్చు. కొల్లేటి పక్కనే ఉన్న మన పిల్లలకు ఆ పాఠశాల గుమ్మంలోనే ఉన్నది.