శత్రువు బిడ్డకూ ఆకలే: ఎగ్లంటైన్ జెబ్

ఆకలితో వచ్చిన బిడ్డను ఏ కులం, ఏ భాష అని అడగకుండా అన్నం పెట్టాలని కైవారం పెద్దలు మనకు నేర్పారు. మరి శత్రుదేశపు బిడ్డ అయితే?

1876లో ఇంగ్లండులో పుట్టిన ఎగ్లంటైన్ జెబ్ ఆ పరీక్షకు నిలిచారు. కొన్నాళ్లు పంతులమ్మగా చేశారు. 1913లో బాల్కన్ యుద్ధ బాధితులకు సాయం అందించడానికి మాసిడోనియా వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధం ఆగినా బ్రిటన్ దిగ్బంధం ఎత్తలేదు. ఆస్ట్రియా, జర్మనీ పిల్లలు తిండిలేక చిక్కిపోయారు. ఆ పిల్లల ఫొటోలతో కరపత్రాలు పంచినందుకు 1919లో ఆమెను అరెస్టు చేసి, 5 పౌండ్ల జరిమానా వేశారు. ఆమెకు ఎదురు వాదించిన ప్రభుత్వ వకీలే ఆ సొమ్ము ఇచ్చారు! అదే ఏడు చెల్లెలు డొరోతీ బక్స్‌టన్‌తో కలిసి సేవ్ ది చిల్డ్రన్ సంస్థను పెట్టారు.

రష్యాలో అంతర్యుద్ధం వెంటే 1921లో కరువు వచ్చింది. దిక్కులేని పిల్లలు ఊళ్లు పట్టుకుని తిరిగారు. బోల్షెవిక్కుల పిల్లలకు మన డబ్బెందుకని బ్రిటన్‌లో కొందరు ఎదురు తిరిగారు. ఆమె తగ్గలేదు. ఓడలో 600 టన్నుల సామగ్రి పంపి, సరాతోవ్ ప్రాంతంలో అన్నశాలలు నడిపించారు.

ఆమె రాసిన బాలల హక్కుల ప్రకటనను 1924లో నానాజాతి సమితి ఆమోదించింది. 1928లో, 52 ఏళ్లకే, జెనీవాలో కన్నుమూశారు. సొంత బిడ్డలు లేరు. టీవీలో యుద్ధవార్త వస్తే ఛానల్ మార్చేముందు ఆ తల్లిని ఒక్కసారి తలుచుకుందామని మా మనవి.